స్మృతియు సత్యమును

చనిపోయినవానిని గూర్చి మంచియే పలుకవలెనను నియమము మనలోను కలదు, పాశ్చాత్యులలోను కలదు. దాని మూలము దయ. మాఱు పలుకలేనివానిని నిందించుట శౌర్యము గాదు. కాని మంచి పలుకుట వేఱు, ఉన్నదానిని దాచుట వేఱు. ఈ భేదమును మఱచినచో మనము స్మరించునది గతించినవానిని గాక, మనము కల్పించుకొన్న వేఱొకనిని అగును. కావున నిచ్చట విచారింపదగిన ప్రశ్న యిది: ఒక సామాన్యుడు పరదేశమున లోకము తక్కువగా నెంచు పని చేసి, కుటుంబమును నిలిపి గతించినచో, ఆ పనిని చెప్పి స్మరింపవలెనా, చెప్పక గౌరవింపవలెనా?

ఫిలిప్పీను ద్వీపవాసుల చరిత్రము ఈ ప్రశ్నకు స్పష్టరూపము నిచ్చుచున్నది. 1898లో ఆ ద్వీపములు స్పెయిను చేతినుండి అమెరికా వశమైనవి. 1901లో అధ్యక్షుడు మెకిన్లీ యాజ్ఞచే 500 మంది ఫిలిప్పీనులను నౌకాదళమున చేర్చుకొనుట కనుమతి కలిగెను. 1946లో ఆ దేశము స్వతంత్రమైన పిదపను, 1947 నాటి సైనికస్థావరముల యొడంబడికచే ఈ పద్ధతి సాగి, 1992లో ముగిసెను. అయినను మొదటి ప్రపంచయుద్ధానంతరమునుండి 1970 తరువాతి సంస్కరణములవఱకు వారిలో పెక్కండ్రకు లభించినది ఫిరంగి చెంత స్థానము గాదు, అధికారుల భోజనశాల. వండుట, వడ్డించుట, పడకలు సవరించుట, బూట్లు మెఱుగుపెట్టుట వారి విధులు. కళాశాలలో చదివినవారును వారిలో నుండిరి. ఆ జీతముతోనే యింటికి సొమ్ము పంపి, శాండియాగో వంటి రేవుపట్టణములలో కాపురములు పెట్టి, బిడ్డలను పైకి దెచ్చిరి. అట్టివాడు గతించినప్పుడు నౌకాదళ యోధుడనుట అసత్యము గాదు. కాని పళ్లెములు మోసిన చేతులను ఆ మాట చాటున దాచినచో సత్యమున సగము మునిగిపోవును.

మనకిది పరాయి కథ గాదు. తూర్పుతీరమునుండి బర్మాకు పోయిన తెలుగువారిని అచ్చట కోరంగీలనిరి. గోదావరీ ముఖద్వారము చెంతనున్న రేవు పేరు జాతినామమై, అందు తిరస్కారము కూడ చేరెను. రంగూను రేవున బరువులు మోసినవారిలో నధికులు వీరే. 1930 మే నెలలో వీరు కూలి పెంపునకై సమ్మె కట్టగా యజమానులు బర్మీయులను పనిలోనికి దించిరి. సమ్మె ముగిసి పాతవారు మరలి రాగా కొత్తవారికి పని పోయెను. అల్లరులు చెలరేగి పెక్కండ్రు ప్రాణములు గోల్పోయిరి. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలకొలది భారతీయులు ఆ దేశము విడిచి, కొండలును అడవులును దాటి నడచిరి. దారిలోనే రోగమునకును ఆకలికిని బలియైనవారు అనేకులు. 1962 తరువాత సైనికప్రభుత్వ కాలమున మరల పలువురు తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట పేరే అందుకు సాక్ష్యము.

ఇప్పుడొక మనుమడు, తన తాత రంగూను రేవున మూటలు మోసెనని చెప్పుటకు సంకోచించి, అచ్చట ఉద్యోగము చేసెనని మాత్రము చెప్పెననుకొందము. అతడు తాతను గౌరవించితి ననుకొనును. నిజమున కతడు గౌరవించినది తాతను హీనునిగా జూచినవారి కొలబద్దను. మూటలు మోయుట సిగ్గుపడదగిన పనియని వారితో నేకీభవించినప్పుడే గదా దాని దాచవలసివచ్చును! అవమానము చేసినవారిది గాని పడినవారిది గాదు. దానిని దాచినచో చేసినవారికే మేలు కలుగును.

ఆ పెద్దయే తన బిడ్డలకు చెప్పకుండెనే, ఆయన మౌనమును మన్నింపవలదా యని కొంద ఱడుగవచ్చును. ఈ యాక్షేపము తేలికగా ద్రోసివేయదగినది గాదు. ఒకని రహస్యమును బయటపెట్టి బ్రదికియున్నవారిని నొప్పించుట ధర్మము గాదు. కాని చెమటోడ్చి చేసిన పని యట్టి రహస్యము గాదు. పసివారి తల యెత్తి నడచుట కాటంకము కలుగునేమో యని తండ్రి మౌనము వహించును. ఆ పసివారు పెద్దలై నిలిచిన పిదప ఆ మౌనమునకు గల కారణము తీరినది. అటుపిమ్మట దానిని కొనసాగించుట ఆయన కొఱకు గాక మన కొఱకే యగును.

సముద్రమునకు ఈ తారతమ్యములు లేవు. 1971 డిసెంబరు 9వ తేదీని అరేబియా సముద్రమున ఖుక్రీ యను మన యుద్ధనౌక మునిగినప్పుడు, కెప్టెను మహేంద్రనాథ ముల్లాతో గూడ 18 మంది అధికారులును 176 మంది నావికులును మృతినొందిరి. అన్నము వండువాడు లేక ఫిరంగి పేల్చువాడు లేడు. రాజ్యము విజయమునకు స్తంభము నెత్తును; అది దాని విధి. ఇంటికి డబ్బు పంపినవాని జీవితమును తలచుట ఇంటివారి విధి. మా వైరా జలాశయమును జూచువారు నిజాము ప్రభుత్వమును తలతురు గాని, కట్టకు మన్నుతట్టలు మోసినవారి పేళ్లు వారి యింటివారు చెప్పిననే గదా నిలుచును!

శ్రద్ధతో జేయునది శ్రాద్ధమనిరి పెద్దలు. అందు నామగోత్రములు పలుకుదురు గాని పదవి నడుగరు. ఆ సమత్వము గొప్పది. కాని మూడు తరములు దాటగానే ఆ పేరును జాఱిపోవును; చేసిన పని యంతకు ముందే మఱపున బడును. నిజముగా వ్రాసినచో ఏ సామాన్యుని జీవితమైనను లోకమున కుపయోగించునని ఆంగ్లపండితుడు జాన్సను 1750లోనే వాదించెను. కావున ప్రతి యింటను ఒక పుట వ్రాయబడుగాక: ఏ యూరు విడిచెను, ఏ పని చేసెను, ఎంత కూలి దొరకెను, ఎవరిని పోషించెను, ఏ మాట పడి యోర్చుకొనెను. పొగడ్త యొక్క వాక్యమైనను అక్కఱలేదు. ఆ లెక్క సరిగా నున్నచో చదువువాడే నమస్కరించును.