ఊళ్లో లేని కూలీ లెక్క

గద్వాల దగ్గర సీడ్ పత్తి వేసే రైతు, నా దగ్గర చదువుకున్నవాడు. కష్టజీవి, మంచివాడు. పనివాళ్ల పథకాల మాటెత్తితే మాత్రం మా ఇద్దరికీ పొత్తు కుదరదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో కూడా ఇతని మాటే నలుగురి నోటా వింటున్నాను. అందుకే మా వాదనను ఇక్కడ రాస్తున్నాను.

రైతు: సారూ, ఉపాధి హామీ కరువు పని పెట్టి సర్కారు మా నడుం విరగ్గొట్టింది. ఆగస్టు వచ్చిందంటే క్రాసింగుకు మనుషులు దొరుకుతలేరు. పొద్దూకి మొగ్గ గిల్లాలె, తెల్లారి పుప్పొడి అద్దాలె. ఒక్క పూట తప్పినా కాయ నిలువదు. ఇంటికాడ కూసోబెట్టి పైసలిస్తే ఎవరొస్తరు?

నేను: మీ ఊళ్లో ఆగస్టులో కరువు పని నడుస్తుందా?

రైతు: ఆగస్టుల ఏడిది? ఎండకాలమే.

నేను: ఎండాకాలం చెరువు పూడిక తీసిన మనిషి ఆగస్టులో నీ చేనుకు రాకపోతే దానికి పూడిక కారణమా? 2025-26లో రోజు కూలీ 307 రూపాయలు. నూరు రోజులూ దొరికినా ఇంటిల్లిపాదికీ కలిపి 30,700. దాంతో ఏడాదంతా కూర్చుని తినే ఇల్లు ఏదైనా ఉంటే చెప్పు.

రైతు: అది నిజమే గాని, ఊరికే వచ్చే పైస మనిషిని చెడగొడ్తది.

నేను: రైతు భరోసా కింద నీకు ఎకరానికి ఏడాదికి 12 వేలు. అది తీసుకుని నువ్వు దుక్కి దున్నడం మానేశావా? విత్తనాలకో, ఎరువులకో పెట్టావు. ధైర్యంగా సాగు మొదలుపెట్టావు. అదే డబ్బు భూమి లేని ఆడమనిషి చేతిలో పడితే ఆమె మాత్రం ఎందుకు చెడిపోతుంది? పట్టా ఉన్నవాడి మీద ఉన్న నమ్మకం పట్టా లేనివాడి మీద ఎందుకు లేదు? నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి ఇది. రైతుకు ఇచ్చినప్పుడు పెట్టుబడి సాయం అంటాం, కూలీకి ఇచ్చినప్పుడు సోమరిపోతు అవుతాడంటాం. పొద్దున ఐదింటికి లేచి, సద్ది కట్టుకుని, ఆటోలో పదిమందితో ఇరుక్కుని పరాయి ఊరి చేనుకు పోయేవాళ్లను సోమరులనడానికి మనకు నోరెలా వస్తుంది?

రైతు: తప్పే సారూ, ఒప్పుకుంట. అయితే మరి ఊళ్ల పని పెట్టినా బొంబాయికి, పూణెకు ఎందుకు పోతున్నరు?

నేను: కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్స్ కోసం. అందరూ కూలీ రేట్లు పోల్చి చూస్తారు. అసలు పోల్చాల్సింది రేట్లను కాదు. బిడ్డ పెళ్లి ఉంటుంది, ఎండిపోయిన బోరు అప్పు ఉంటుంది, ఆసుపత్రి బిల్లు ఉంటుంది. వాటికి డబ్బు ఒక్కసారే కావాలి. మేస్త్రీ ఒక్క సాయంత్రంలో మొత్తం చేతిలో పెడతాడు. కరువు పని డబ్బు హాజరు మస్టర్లు తేలి, వారాల తర్వాత, విడతలుగా ఖాతాలో పడుతుంది. దసరా, దీపావళి దాటాక మనిషి ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా? అడ్వాన్స్ తీసుకున్న నాడే అతని బేరమాడే హక్కు పోతుంది. అక్కడ ఎంతిచ్చినా ఎన్నాళ్లు పనిచేయించుకున్నా అడగలేడు. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, ఊరు విడిచినందుకు నెల కూలీలో సగం భత్యం ఇవ్వాలి అన్నది. ఆ భత్యం పేరు విన్న కూలీని నేనైతే చూడలేదు.

రైతు: కంపెనీకి, మాకు నడుమ ఉండే ఆర్గనైజర్ కూడా అంతే కద సారూ. ముందు పెట్టుబడి ఇస్తడు. ఇత్తనం కంపెనీకి పోయినంక జీఓటీ అనే శుద్ధత పరీక్షల ఫెయిల్ అంటే అప్పు మా నెత్తిమీదనే.

నేను: చూశావా, నువ్వూ ఆ కూలీ ఒక్క తాడుకే కట్టుబడి ఉన్నారు. అది తెలియక ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా చెప్తాను. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం తవ్వే ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. వాళ్లలో జార్ఖండ్ కూలీలు ఉన్నారు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ ఉండాలని పేరున్న గడ్డ మనది. మనవాళ్లు మహారాష్ట్రకు పోయారు, జార్ఖండ్ వాళ్లు మన కొండ కిందికి వచ్చారు. ఎవరి ఊళ్లో వాళ్లకు హక్కులు రాసి ఉన్నాయి. ఎవరూ తమ ఊళ్లో లేరు. ఆ ఎనిమిది మందిని తలచుకున్నప్పుడల్లా నాకు మనసు ఒక చోట నిలవదు. సరే, ఏం మాట్లాడుతున్నాం?

రైతు: వలస సంగతి. మరి వాళ్లకు కూడ సర్కారు ఇస్తనే ఉన్నది కద. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టిండ్రు.

నేను: అక్కడికే వస్తున్నాను. భూమి లేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు అని 2025 జనవరి 26న మొదలుపెట్టారు. మంచి ఆలోచన, చేతులెత్తి మొక్కుతాను. షరతు ఏమిటి? 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలి. ఆ ఏడాదంతా పిల్లల్ని ముసలమ్మ దగ్గర వదిలి పూణెలో సిమెంటు మోసిన జంటకు ఆ 20 రోజులు ఎక్కడి నుంచి వస్తాయి? అందరికన్నా ఎక్కువ అవసరం ఉన్న ఇల్లే జాబితాలోంచి జారిపోయింది.

రైతు: షరతు తీసేస్తే దొంగ పేర్లు ఎక్కవా?

నేను: ఎక్కితే గ్రామసభలో చదివి తీసేయండి. సామాజిక తనిఖీ ఉన్నది అందుకే.

రైతు: పైసలు?

నేను: రైతు భరోసాకు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడి నుంచే. ఇక నువ్వు మొదట ఎత్తిన కరువు పని సంగతి. 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి 200 జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఉన్నది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. 125 రోజులు అన్నది. విత్తే, కోసే కాలంలో ఏటా 60 రోజులు పని ఆపమన్నది. ఖర్చులో 40 శాతం రాష్ట్రం భరించాలన్నది. నీ ఫిర్యాదు విన్నారు. ఊరు విడిచిన మనిషి మాట మాత్రం అందులోనూ లేదు.

రైతు: మీరు చెప్పింది సరైందే సారూ. మా వాడకట్టులనే నాలుగిండ్లకు తాళాలున్నయి.

ఆ తాళాల ఇళ్ల పేర్లు రాసే రిజిస్టర్ ప్రతి పంచాయతీలో ఉండాలి. ఎవరు పోయారు, ఏ మేస్త్రీ వెంట, ఎంత అడ్వాన్స్ మీద అన్నది అందులో ఎక్కాలి. ఆత్మీయ భరోసాలో 20 రోజుల షరతు ఎత్తేయాలి. దీపావళికి ముందే మహిళా సంఘాల ద్వారా ఆ కుటుంబాలకు వడ్డీ లేని అప్పు ఒకే విడతలో అందాలి. 2025 డిసెంబరులో ఎన్నికైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సర్పంచులకు నా విన్నపం ఇదే: వచ్చే గ్రామసభలో మొదటి తీర్మానంగా ఈ రిజిస్టర్ పెట్టండి.