ఆజ్ఞ ఆమెకు, భారము ఇద్దరికి

ధ్యానభాగము: న్యాయాధిపతులు 13:2–14



మానోహ భార్య గర్భవతి కాకమునుపే దేవుని దూత ఆమెకు కనబడి, ద్రాక్షారసమును మద్యమును ముట్టవద్దని హెచ్చరించెను. నాజీరు వ్రతము బిడ్డదే. అయినను అది తల్లి నోటినుండి మొదలాయెను.

మన ఉద్దానపు తీరమున చుట్ట సంగతి చూతము. నిప్పుకొనను నోటిలోపల ఉంచి త్రాగు అడ్డపొగ మన స్త్రీలలో తరతరములుగా వచ్చిన అలవాటు. 1971లో ప్రచురింపబడిన ఒక పరిశోధనకై వైద్యులు శ్రీకాకుళం జిల్లా గ్రామములలో 10,169 మందిని పరీక్షించిరి. అడ్డపొగ త్రాగువారిలో స్త్రీలే హెచ్చు. దానివలన అంగిలికి కేన్సరు వచ్చును. గర్భిణి పొగ త్రాగినచో బిడ్డ తక్కువ బరువుతో గాని, నెలలు నిండక గాని పుట్టవచ్చును. గర్భములోనే మరణింపనూ వచ్చును.

ఇంకొక సంగతి కొద్దిమందికే తెలియును. మాలా-ఎన్ వంటి గర్భనిరోధక మాత్రలు 35 ఏండ్లు దాటి పొగ త్రాగు స్త్రీకి తగవు. గుండెపోటు, పక్షవాతము వచ్చు అపాయము హెచ్చును. ఆమెకు కాపర్-టి వంటి వేరు సాధనములు కలవు. అయితే చుట్ట సంగతి చెప్పిననే గదా నర్సమ్మ తగిన సలహా ఇయ్యగలుగును! ఆమె ఏల చెప్పదు? సిగ్గుచేత. దేహము దేవుని ఆలయమను బోధ (1 కొరింథీ 6:19) మన సంఘములలో ఆమెమీద రాయివలె విసరబడుచున్నది. చుట్ట కాల్చు పురుషుని ఎవరును అడుగరు.

అట్లయిన చెడు అలవాటును కప్పిపుచ్చవలెనా అని కొందరందురు. కాదు, మానుమని చెప్పవలసినదే. అయితే పొగాకు బంధము ఒక్కదినమున తెగదు. అది తెగువరకు ఆమె ప్రాణము కాపాడదగనిదా? మంచి సమరయుడు గాయపడినవానిని విచారణచేసి నూనె పోయలేదు.

మానోహను చూడుడి. ఆజ్ఞ భార్యకే వచ్చినను, పుట్టబోవు బిడ్డ విషయమై తమ ఇద్దరికిని నేర్పుమని అతడు ప్రార్థించెను. మన పురుషులో? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకొనిరి. భర్తలు నూటికి ఒక్కరైనను లేరు. పురుషుల ఆపరేషను అంతకంటె చిన్నదే.

కావున సహోదరులారా, టెక్కలికైనను పలాసకైనను, ఆస్పత్రికి భార్యతో కూడ వెళ్లుడి. మీ చుట్టను ముందు మీరే ఆర్పుడి. సహోదరీలారా, నర్సమ్మతో నిజము చెప్పుడి. స్త్రీల కూటములలో చెప్పుకొన్నవారిని ఎగతాళి చేయకుడి. ఒకరి భారమును ఒకరు మోయుటకు (గలతీ 6:2) ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.