ద్వేషము లేని దెబ్బ

హింసయందు ద్వేషము లేనిచో పాపమును లేదని చెప్పవచ్చునా? ఈ ప్రశ్న మన ధర్మవిచారమునకు క్రొత్తది కాదు. కాని దీనిని యుద్ధభూమినుండియు యజ్ఞశాలనుండియు వెలికి దెచ్చి, మనలో పెక్కురకు అపరిచితమైన ఒక క్రీడారంగమున నిలిపి చూచినచో దాని స్వరూపము మరింత స్ఫుటముగ గోచరించునని నాకు తోచుచున్నది. యుద్ధమున రాజ్యమో ప్రాణమో పణముగ నుండును. యజ్ఞమున శాస్త్రవిధి యుండును. క్రీడయందన్ననో, ఏ విధియు నిర్బంధింపకయే మనుష్యుడు మనుష్యుని బలము కొలది కొట్టును, దెబ్బ తిన్నవాడు లేచి మరల వరుసలో నిలుచును, వేలకొలది జనులు టిక్కెట్టు కొని దానిని తిలకింతురు. అమెరికా దేశపు ఫుట్‌బాలు అట్టి క్రీడ. అందు కార్నర్‌బ్యాక్ అను స్థానమున ఆడి, 'నైట్ ట్రెయిన్' అను మారుపేరుతో ప్రఖ్యాతుడైన రిచర్డ్ లేన్ జీవితమును ఈ విచారమునకు ఆధారముగ గైకొనుచున్నాను.

మన మెఱిగిన ఫుట్‌బాలుతో ఈ క్రీడకు పొత్తు బహు స్వల్పము. బంతిని చేతబట్టి ఎదుటిపక్షపు గీతవైపు మోసికొని పోవలయును, లేదా గాలిలో విసరి తనవానికి అందింపవలయును. నాలుగు యత్నములలో పది గజములు సాగినచో మరల నాలుగు యత్నములు లభించును. సాగనిచో బంతి ఎదుటివారి పాలగును. కావున అచ్చట ప్రతి అంగుళమును వివాదభూమియే. మైదానపు అంచున నిలిచి, దూసికొనివచ్చు ప్రత్యర్థిని వెనుకకు పరుగిడుచునే కనిపెట్టుచు, వానికై విసరిన బంతిని నడుమనే హరించుటయో, వాడు దానిని పట్టిన మరుక్షణమున వానిని నేల గూల్చుటయో కార్నర్‌బ్యాక్ చేయవలసిన పని. అది తోడు లేని కావలి. అతడు తప్పినచో పెక్కు పర్యాయములు వెనుక మరి యెవ్వరును ఉండరు.

లేన్ 1920ల చివర టెక్సస్ రాష్ట్రములోని ఆస్టిన్ నగరమున జన్మించెను. మూడు నెలల పసికందుగ చెత్తతొట్టిలో విడువబడిన అతని యేడ్పు విని, పిల్లి యరచుచున్నదేమో యని తొంగిచూచిన ఎల్లా లేన్ అను వితంతువు, బిడ్డ నెత్తుకొనిపోయి తన సంతానముతో పాటు పెంచెను. ఈ వృత్తాంతము విన్నపుడు కర్ణుని స్మరింపని తెలుగువాడుండడు. అయితే కర్ణునివలె ఇతడు కన్నతల్లికి దూరముగ నుండిపోలేదు. ఉన్నతపాఠశాల చదువు ముగియగనే నెబ్రాస్కా రాష్ట్రమునకు పోయి, తన్ను విడిచిన ఆ తల్లితో సమాధానపడి, ఆమె యొద్దనే నివసించెను. పిదప కొన్నేండ్లు సైన్యమున గడచినవి. అటుపిమ్మట లాస్ ఏంజెలెస్‌లో ఒక విమానముల కర్మాగారమున నూనె కారు లోహపు రేకులను మోయు కూలి దొరకినది. 1952లో ఒకనాడు, తన ఆటను గూర్చిన పత్రికల ముక్కలు అంటించిన పుస్తకమును చంకనిడికొని, రామ్స్ జట్టు కార్యాలయమునకు తనంత తానే పోయి అవకాశ మడిగెను. ఆ యేటనే, 12 ఆటలలో, ప్రత్యర్థులు విసరిన బంతిని 14 మారులు హరించెను. నేడు ఏటికి 17 ఆటలు జరుగుచున్నను ఆ సంఖ్యను మించినవాడు లేడు. రామ్స్, షికాగో కార్డినల్స్, డెట్రాయిట్ లయన్స్ అను మూడు జట్లలో 14 సంవత్సరము లాడి 68 మారులు బంతిని హరించిన అతనికి 1974లో ఒహాయో రాష్ట్రపు కాంటన్ నగరమునందలి ఫుట్‌బాలు కీర్తిమందిరమున స్థానము లభించెను.

అయినను జనులు అతనిని స్మరించునది బంతిని పట్టిన నేర్పుచేత కంటె మనుష్యుని పట్టిన తీరుచేతనే. బంతికై రెండు చేతులు పైకెత్తినవాని దేహము ఆ క్షణమున నిరాయుధము. చూపు బంతియందు లగ్నమై యుండును, మెడ నిక్కియుండును, కాళ్లు వేగమును వదలియుండవు. అట్టివాని మెడచుట్టు లేన్ నిడుపాటి చేయి పడును. తల ఆగిపోవును, కాళ్లు మాత్రము పరుగువేగమున ముందునకు పోవును, దేహము వెల్లకిల నేలబడును. దీనికి 'నైట్ ట్రెయిన్ నెక్‌టై' యని పేరు వచ్చినది. ఏల అట్లు పట్టెదవన్న, అతడు చెప్పిన సమాధానము విచారింపదగినది. కాళ్లయొద్ద పట్టినచో వాడు ముందునకే కూలును. ఆ కూలుటలోనే ఎదుటిపక్షమునకు కావలసిన పదియవ గజము దక్కవచ్చును. కావున మరి యొక్క అంగుళమైనను సాగనీయక ఉన్నచోటనే నిలుపుటయే తన లక్ష్యమని అతని వాదము.

లేన్ పక్షమున మొదట చెప్పదగినది నియమము. ఆనాటి శాసనము ఆ పట్టును నిషేధింపలేదు. 1956లో ఈ క్రీడను నడపు లీగువారు బంతితో పరుగిడువానిని మాత్రము మినహాయించి, తక్కినవారి శిరస్త్రాణముల ముఖకవచములను పట్టరాదనిరి. 1962లో ఆ మినహాయింపును తొలగించిరి. మెడకు చేయి చాచి కూల్చుటయు కాలక్రమమున నిషిద్ధమయ్యెను. మన గదాయుద్ధమునందు నాభికి దిగువ కొట్టరాదన్న నియమము ముందే యుండెను. భీముడు దానిని ఎఱిగియు సుయోధనుని తొడలు విఱుగగొట్టెను. బలరాముడు నాగలి యెత్తినది అందుకే. లేన్ విషయమున బలరాము డెత్తవలసిన నాగలి లేదు. ఇంతవరకు వాదము సరియే. కాని 1961లో మనుష్యుని మెడ ఎంత సుకుమారమో 1962లోను అంతియే సుకుమారము. నియమము పుట్టినందున గాయము గాయమగుట లేదు. గాయములు పెరిగినందుననే నియమము పుట్టినది. శాసనము శిక్షార్హమైనదానిని నిర్ణయించును గాని, ఏది చేయదగినదో చెప్పు భారమును అది యెన్నడును పూర్తిగ వహింపజాలదు.

రెండవది సంకల్పము. లేన్ మనస్సు అంగుళముమీద నుండెను, మెడమీద లేదు. మెడ ఆ అంగుళమునకు అడ్డువచ్చినది, అంతియే. తాను నిమిత్తమాత్రుడనని నమ్మి ఫలాసక్తి విడిచి పనిచేయుమను గీతోపదేశమును ఇచ్చటకు తెచ్చి, ద్వేషములేని కర్మ బంధింపదని చెప్పువారుందురు. నేను ఆ మాటను సగమే యంగీకరింతును. ద్వేషము లేకుండుట కర్త హృదయమును శుద్ధము చేయును, సందేహము లేదు. కన్నతల్లినే క్షమించినవానికి ప్రత్యర్థి యెడ పగ యుండెనని నేను నమ్మజాలను. కాని ఆ శుద్ధి కర్తకే చెందును, నేలబడినవాని మెడకు అందులో భాగము లేదు. నిమిత్తమాత్రుడనను భావము అహంకారమును అణచుటకు ఉపదేశింపబడినదే గాని, ఎదుటివాని దేహమును మరచుటకు అనుమతిగ నీయబడినది కాదు.

ఈ చిక్కును నేనెఱిగినంతలో మిక్కిలి నిజాయితీగ ఎదుర్కొన్నవాడు భారతములోని ధర్మవ్యాధుడు. అరణ్యపర్వశేషమున ఎఱ్ఱన తెనిగించిన ఆ కథలో, మిథిలాపురమున మాంసము విక్రయించు ఆ జ్ఞాని, తన్ను వెదకికొని వచ్చిన కౌశికునితో తన వృత్తి ఘోరమైనదని తానే యొప్పుకొనును. నాగలి సాళ్లలోను ప్రాణులు చచ్చునని, హింస సోకని బ్రతుకు లోకమున లేదని చెప్పును. అయినను ఆ కారణముచేత తన పనిని పవిత్రమని పొగడుకొనడు. వృత్తిని నెరవేర్చుచునే దాని ఘోరత్వమును కన్నులెదుట నిలుపుకొనుట అతని ధర్మము. స్వధర్మమన్నది కన్ను మూసికొనుటకు హక్కు కాదని, కన్ను తెఱచి చేయవలసిన పనియని నేను ఆ కథనుండి గ్రహించితిని.

కన్ను తెఱచుట యనగా తెలిసికొనుట. లేన్ మరణించిన 2002వ సంవత్సరముననే, పిట్స్‌బర్గు నగరమున వైద్యుడు బెన్నెట్ ఒమాలు, స్టీలర్స్ జట్టున పేరొందిన మైక్ వెబ్‌స్టర్ మృతదేహమును పరీక్షించి, మాటిమాటికి తగిలిన దెబ్బలచేత మెదడు క్షీణించిన చిహ్నములను కనుగొనెను; 2005లో దానిని ప్రకటించెను. లీగునకు సంబంధించిన వైద్యులు ఆ ప్రకటనను ఉపసంహరింపవలెనని పట్టుబట్టిరి. సత్యము మాత్రము నిలిచెను. 2018లో తలను వంచి శిరస్త్రాణముతో పొడుచుటను నియమము నిషేధించెను. ఎఱుకకు ముందు చేసిన కర్మకును, ఎఱుక కలిగిన పిదప చేయు కర్మకును మధ్య ధర్మము గొప్ప భేదమును పాటించును. ఈ ఆటగాండ్ర మెదడు లోపల ఏమి జరుగుచున్నదో లేన్ ఆడిన కాలమున స్పష్టముగ తెలియదు. అతని దోషము, ఉన్నచో, ఆ మేరకు తేలిక. నేటి వారికి ఆ తేలిక లేదు.

నేటి వారనగా ఆటగాండ్రు మాత్రమే కారు. ఒక పనిని చేయువానితో పాటు చేయించువానికిని, ప్రేరేపించువానికిని, మెచ్చుకొనువానికిని దాని ఫలము చెందునని మన పెద్దలు విశ్వసించిరి. నూనె రేకులు మోయుచు కార్యాలయపు తలుపు తట్టినవాడు ఆటకు సమ్మతించెను, నిజమే. కాని ఆ సమ్మతికి వెనుక ఉన్న పేదరికమును తూకమున వేయక, 'అతడు తెలిసియే ఆడెను' అనుట సులభన్యాయము. మెడకు చేయి తగిలినపుడు లేచిన హర్షధ్వానము లేనిచో ఆ పట్టునకు పేరే యుండెడిది కాదు. ఆ ధ్వానము చేసినవారు దెబ్బ కొట్టలేదు. దెబ్బకు విలువ కట్టిరి.

ఆట విడిచిన తరువాత లేన్ 1975 మొదలు 1992 వరకు డెట్రాయిట్ నగరమున పోలీసు శాఖవారి బాలక్రీడాసంఘమును నడపి, దిక్కు లేని పిల్లలకు ఆటలు నేర్పించెను. ఇది పూర్వకర్మకు ప్రాయశ్చిత్తమని నేననను. అతడు అట్లు భావించెననుటకు ఆధారము లేదు. కాని కావలివాని బలమునకు రెండు ఉపయోగములు కలవని ఆ జీవితము నిరూపించుచున్నది. ఎదుటివానిని ఆపుట యొకటి, చేరవచ్చినవానిని కాచుట రెండవది. క్రీడయందు మొదటిదానికి గౌరవము దక్కవలయునన్న, రెండవది దానితో కూడియే యుండవలయును. అనగా, తాను కూల్చు దేహమును కూడ తాను కాపాడవలసిన దేహముగ ఎంచవలయును. ద్వేషము లేకుండుట ఆటగాని ధర్మమునకు ఆరంభము మాత్రమే. ఎదుటివాని మెడ తన మెడ యంత విలువగలదని తెలిసి కొట్టవలసినచోట కొట్టుట, ఆగవలసినచోట నియమము చెప్పకముందే ఆగుట, ఆగినవానిని చూచి నిరుత్సాహపడక ఆనందించు సభను పెంపొందించుట, ఈ మూడును కలిసినపుడే ఆ ధర్మము సంపూర్ణమగునని నా దృఢవిశ్వాసము.