ఆజ్ఞాపించేవారు లేని సంఘం

అనకాపల్లి పట్టణానికి దగ్గర్లో, శంకరం గ్రామం పక్కన బొజ్జన్నకొండ, లింగాలకొండ అనే రెండు చిన్న కొండలున్నాయి. రాతిని తొలిచి చేసిన గుహలు, ఏకశిలా స్తూపాలు, ఇటుక కట్టడాల పునాదులు ఇక్కడి బౌద్ధారామం అవశేషాలు. 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం దాకా ఈ ఆరామం వాడుకలో ఉందని పురావస్తు పరిశోధకుల అంచనా. అన్ని తరాల పాటు ఒక సంస్థ ఒకే చోట నిలవాలంటే ధ్యానం ఒక్కటే చాలదు. గదులు కేటాయించాలి, వచ్చిన దానాలు భద్రపరచాలి, భోజనాలకు ఎవరెవరు వెళ్లాలో చెప్పాలి, తగువులు తీర్చాలి. ఈ పనులన్నీ నడవాలంటే ఒకరు ఆజ్ఞాపించడం, తక్కినవారు పాటించడం తప్పదా? ఇది నిర్వహణ శాస్త్రం ప్రశ్న. బౌద్ధంలో ఇదే తాత్త్విక ప్రశ్న కూడా.

సాంప్రదాయిక నిర్వహణ సిద్ధాంతకర్తలు తప్పదనే అన్నారు. ఫ్రాన్స్‌లో ఒక గనుల కంపెనీని ముప్పై ఏళ్లు నడిపిన హెన్రీ ఫేయోల్ 1916లో తన 14 సూత్రాలను ప్రకటించాడు. వాటిలో ఆదేశ ఏకత్వం ముఖ్యమైనది: ఒక ఉద్యోగికి ఆజ్ఞ ఇచ్చే పై అధికారి ఒక్కడే ఉండాలి. అంతకు ఐదేళ్ల ముందే అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ ఆలోచించే పనిని, చేతులతో చేసే పనిని విడదీసి, మొదటిదాన్ని యాజమాన్యానికి అప్పగించాడు. జర్మనీలో మాక్స్ వెబర్ వేరే దారిలో వెళ్లాడు. ఒక మహాపురుషుడి ఆకర్షణ మీద నిలిచిన సంస్థ ఆయన పోయాక వారసుడినో, ఆచారాన్నో, రాతపూర్వక నియమాన్నో ఆశ్రయించక తప్పదని ఆయన విశ్లేషణ. ముగ్గురిలో బౌద్ధ సంఘానికి దగ్గరగా వచ్చినవాడు వెబరే.

బుద్ధుడు వారసుడిని నియమించలేదు. వృద్ధాప్యంలో ఉన్న ఆయన దగ్గరకు వచ్చి దేవదత్తుడనే భిక్షువు సంఘ నాయకత్వం తనకు అప్పగించమన్నప్పుడు, ముఖ్య శిష్యులైన సారిపుత్ర మౌద్గల్యాయనులకే ఇవ్వనిది నీకెలా ఇస్తానని తిరస్కరించాడని వినయపిటకం చెబుతుంది. తన తర్వాత ధర్మమూ, వినయమూ (భిక్షువుల నియమావళి) గురువని చెప్పి వెళ్లిపోయాడు. ఆ వెంటనే ఈ ఏర్పాటును పరీక్షించినవాడు మగధ మహామంత్రి వర్షకారుడు. కోటలు కట్టించి రాజ్యాలు నడిపిన ఆ మనిషి బుద్ధుడి శిష్యుడు ఆనందుడిని సూటిగా అడుగుతాడు: మీ గురువు నియమించిన భిక్షువు ఉన్నాడా? లేడు. పోనీ, సంఘం ఎన్నుకున్నవాడు? అతడూ లేడు. మరి మీ ఐక్యతకు ఆధారమేమిటి? ఆధారం ధర్మమేనని ఆనందుడి జవాబు. ఒక గ్రామ పరిధిలో ఉన్నవాళ్లమంతా పక్షానికోసారి కలుస్తాం, నియమావళి చదువుకుంటాం, తప్పు చేసినవాడుంటే ధర్మం ప్రకారం సరిచేస్తాం, అలా సరిచేసేది మనుషులు కాదు ధర్మమే అని ఆయన వివరిస్తాడు. పాలీ మజ్ఝిమనికాయంలోని ఈ సంభాషణ నిర్వహణ శాస్త్ర తరగతుల్లో చదవదగ్గది.

ఈ జవాబు ఆదర్శం దగ్గరే ఆగిపోలేదు. దాని వెనుక పకడ్బందీ యంత్రాంగం ఉంది. పాలీ సంప్రదాయంలో భిక్షువుల ప్రాతిమోక్షంలో, అంటే పక్షానికోసారి చదివే ఆ నియమావళిలో, 227 నియమాలున్నాయి. సంఘం చేసే ప్రతి పనికీ ముందుగా హద్దులు నిర్ణయించాలి. ఆ హద్దుల్లో ఉన్న భిక్షువులందరూ హాజరు కావాలి. జబ్బుతో రాలేనివాడు తన సమ్మతిని మరొకరి ద్వారా పంపాలి. సమర్థుడైన ఒక భిక్షువు ప్రతిపాదన చదువుతాడు. ముఖ్యమైన విషయమైతే దాన్ని మూడుసార్లు ప్రకటిస్తాడు. అందరూ మౌనంగా ఉంటే ఆమోదించినట్టే. అభ్యంతరం ఉన్నవాడు మాట్లాడాలి. వివాదం తెగకపోతే శలాకలు, అంటే చిన్న పుల్లలు, పంచి మెజారిటీ తేల్చే పద్ధతీ ఉంది. సంఘంలో చేర్చుకునే దీక్షకు మధ్యదేశంలో, అంటే బౌద్ధం పుట్టిన ప్రాంతంలో, పదిమంది ఉండాలి. భిక్షువులు తక్కువగా ఉండే సరిహద్దు ప్రాంతాల్లో ఐదుగురు చాలు, వారిలో ఒకరు వినయం తెలిసినవాడై ఉండాలి. విస్తరణలో వచ్చే కష్టాలకు తగ్గట్టు నియమాన్ని సడలించడం కూడా ఈ యంత్రాంగంలో భాగమే.

శ్రమ విభజన కూడా పూర్తిగా ఉంది. గదులు కేటాయించేవాడు, భోజనాలు పంచేవాడు, చీవరాలు స్వీకరించేవాడు, భాండాగారం చూసేవాడు, కొత్త కట్టడాలను పర్యవేక్షించేవాడు వేర్వేరు. ఒక్కొక్కరినీ సంఘమే నియమిస్తుంది. ఇష్టం, ద్వేషం, మోహం, భయం అనే నాలుగింటి వల్ల పక్షపాతం చూపని మనిషి కావాలి, తన పని వివరాలు తెలిసుండాలి. వెబర్ చెప్పిన ఉద్యోగస్వామ్యానికి, అంటే నియమాల ప్రకారం పదవుల వారీగా నడిచే పాలనకు, ఇది చాలా దగ్గర. ఒక్కచోట మాత్రం దారి పూర్తిగా వేరవుతుంది. ఇక్కడ హోదా వేరు, అధికారం వేరు. ఎవరు ముందు దీక్ష తీసుకుంటే వారు పెద్ద. దీక్షకు వచ్చిన శాక్య రాకుమారుల గర్వం అణగడానికి వారి మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇవ్వడం అందుకే. పెద్దవాడికి నమస్కారం, ముందు ఆసనం దక్కుతాయి గానీ ఆ పెద్దరికం వల్ల ఇతరుల మీద ఆజ్ఞ దక్కదు.

ఆజ్ఞాపించేవారు లేని ఈ ఏర్పాటు మూలం బౌద్ధ తత్త్వంలోనే ఉందని అనుకోవడానికి ఆస్కారముంది. అనాత్మ గురించిన ప్రసిద్ధ ఉపదేశం ఆజ్ఞ అనే భావంతోనే మొదలవుతుంది. శరీరం ఆత్మే అయితే ఇలా ఉండు, అలా ఉండకు అని దాన్ని శాసించగలగాలి. అలా జరగడం లేదు. వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం కూడా అంతే. మనిషి లోపల కూర్చుని శాసించే యజమాని కనిపించడు, పరస్పరం ఆధారపడి నడిచే ప్రక్రియలే కనిపిస్తాయి. వ్యక్తిలోనే లేని యజమానిని సంఘానికి కల్పించలేదు. ఈ రెంటినీ పాలీ గ్రంథాలు నేరుగా ముడిపెట్టలేదు. అయినా ఒకే చూపు రెండుచోట్లా పనిచేసిందనడం న్యాయమే.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. కౌశాంబిలో ఒక చిన్న నియమం మీద భిక్షువులు రెండుగా చీలినప్పుడు బుద్ధుడు చెప్పినా వినలేదు. ఆయన అడవికి వెళ్లిపోయాడు. చివరకు ఊరివాళ్లు భిక్ష పెట్టడం మానేశాకే వాళ్లు దిగివచ్చారు. మొండిపట్టు పట్టిన ఛన్నుడనే భిక్షువుకు వేసిన పెద్ద శిక్ష, ఎవరూ అతనితో మాట్లాడకపోవడం. బలవంతం లేని చోట ఆయుధాలు ఇలాంటివే. సంఘం కాలక్రమంలో అనేక శాఖలుగా విడిపోయింది. పెద్ద విహారాల్లో ఆస్తులు పెరిగేకొద్దీ అధిపతులూ వచ్చారు.

సమయం మీద ఆధారపడే పనిలో ఫేయోల్ మాటకు బలం ఎక్కువ. అనకాపల్లి ప్రాంతపు చెరకే దీనికి సాక్ష్యం. నరికిన చెరకులో చక్కెర గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే చక్కెర కర్మాగారం ఏ తోట ఎప్పుడు నరకాలో ముందే నిర్ణయించి రైతుకు చెప్పాలి. అందరూ మౌనంగా ఆమోదించేదాకా ఆగితే రసం పాడవుతుంది. అయితే జిల్లాలోని గోవాడ కర్మాగారం సహకార సంఘం, అంటే ఆ ఆదేశం పాటించే రైతే అందులో సభ్యుడు కూడా. 1920లలో అమెరికన్ తత్త్వవేత్త మేరీ పార్కర్ ఫాలెట్ దీనికొక సూత్రం చెప్పింది: ఆజ్ఞ ఒక వ్యక్తి నుంచి మరో వ్యక్తికి రాకూడదు, ఇద్దరూ పరిస్థితిని అర్థం చేసుకుని దాని నుంచే ఆజ్ఞ తీసుకోవాలి. ఆనందుడు మగధ మంత్రికి ఇచ్చిన జవాబుకు ఆధునిక నిర్వహణ శాస్త్రంలో అన్నిటికన్నా దగ్గరి మాట ఇదే. ఫాలెట్ పరిస్థితి అన్నచోట ఆయన ధర్మం అన్నాడు. పరిస్థితి రోజుకోలా మారుతుంది గనుక దాన్ని చదవగల నిపుణుడు కావాలి. ధర్మం ముందే తెలిసినది గనుక దాన్ని గుర్తుచేసే సభ చాలు. కర్మాగారంలో మొదటిది లేకుండా పని నడవదు. గదుల కేటాయింపు, తగువుల తీర్పు, సభ్యుల చేర్పు వంటి విషయాల్లో రెండోది సరిపోతుందని వినయం పాటించిన ఆరామాలు శతాబ్దాల పాటు చూపించాయి.