ఈ లోపమెవరిది?



గత వేసవిలో మా పాస్టరేటులోని ఒక పల్లెనుండి ఒక సహోదరి తన భర్తతోను తండ్రితోను మా యింటికి వచ్చెను. తండ్రి మా సంఘపెద్దలలో ఒకడు, నలుగురు బిడ్డలు గలవాడు. ఆమెకు ముప్పది నాలుగేండ్లు. వివాహమై పండ్రెండేండ్లు గడచినను సంతానము లేదు. ఉన్న ఎకరన్నరలో అర ఎకరము అమ్మి, టెస్ట్ ట్యూబ్ చికిత్సకు రెండుసార్లు వెళ్లిరి. రెండుసార్లును వైద్యులు ఆమె అండములను తీసిరి గాని ఒక్కటియు పక్వమునకు రాలేదు. అండముల నాణ్యత మంచిది కాదని కాగితముమీద వ్రాసి, జన్యుపరీక్ష చేయించుకొమ్మని చెప్పి పంపిరి. ఆమె ఆ ఫైలు నా బల్లమీద పెట్టి, "అయ్యగారూ, నా గుణమే మంచిది కాదని ఇందులో వ్రాసినారట. మా అత్తమ్మ ఊరంతయు చెప్పుచున్నది" అనెను.

వైద్యుడు అండమును గూర్చి వ్రాసిన మాట, బస్సెక్కి పల్లెకు చేరునప్పటికి స్త్రీని గూర్చిన మాట అయిపోయెను.

నేను దాచరాని సంగతి ఒకటి యున్నది. ఐదేండ్ల క్రిందట ఈ సహోదరియే ప్రార్థన కొరకు వచ్చినప్పుడు, "ఒప్పుకొనని పాపమేదైన ఉన్నదా అమ్మా?" అని నేనామెను అడిగితిని. ఆమె తలవంచుకొని వెళ్లిపోయెను. ఆమె భర్తను నేనా ప్రశ్న అడుగలేదు. వేదాంత పాఠశాలలో చదివినవాడనే. పుట్టుగ్రుడ్డివాని విషయమై శిష్యులు తప్పును ఎవరిమీద మోపుదమా అని చూడగా, ప్రభువు ఆ వెదకులాటనే త్రోసివేసెనని ఎన్నిమారులు ప్రసంగించితినో! ప్రసంగపీఠము దిగిన తరువాత ఆ మాట నాకే జ్ఞాపకము లేకపోయెను.

కావున ఈసారి తొందరపడి ప్రార్థించి పంపివేయక, వారము దినముల తరువాత రమ్మంటిని. మా సంఘములోనే పెరిగి వైద్యము చదివిన ఒక యువతియొద్దకు ఫైలు తీసికొనిపోయి, నాణ్యత యనగా ఏమో చెప్పుమని అడిగితిని. ఆమె నాకు తెలిపిన దానిని మీకును చెప్పెదను.

స్త్రీ అండము మిల్లీమీటరులో సుమారు పదియవ వంతు. ఆడుబిడ్డ పుట్టునప్పటికే ఆమెలో పది ఇరువది లక్షల అండములు ఉండును. అనగా నేడు మన సహోదరిలో నున్న అండము, ఆమె తన తల్లి గర్భములో ఉన్ననాడే ఏర్పడినది. అప్పటికి ఆమె చేసిన పుణ్యమేమి, పాపమేమి? ఆ అండము అన్ని ఏండ్లు సగము పనిలో ఆగియుండి, తన వంతు వచ్చినప్పుడు మేల్కొని, తనలోని 46 క్రోమోసోములలో 23 ఉంచుకొని తక్కినవి విడువవలెను. ఇందుకొరకు దానిలో సన్నని దారములతో ఒక కదురు ఏర్పడును. మన అవ్వలు నూలు వడికిన కదురు ఆకారమే. దారములు సరిగా లాగినయెడల లెక్క సరిపోవును. వయస్సు మీరిన కొలది పట్టు సడలి లెక్క తప్పుచుండును. నలుబది దాటినవారికి గర్భము నిలుచుట కష్టమగుటకు ఇది ముఖ్య కారణము.

కొందరిలో వయస్సుతో పనిలేకయే కదురు ఏర్పడదు. 2016లో చైనా దేశమందలి షాంఘై పరిశోధకులు ఈ విషయమై ప్రకటించిన సంగతి నన్ను రాత్రి నిద్రపోనియ్యలేదు. అండములు పక్వము కాకుండ ఆగిపోయిన స్త్రీలున్న 24 కుటుంబములను వారు పరీక్షింపగా, 7 కుటుంబములలో టి.యు.బి.బి.8 అను జన్యువునందు మార్పు కనబడెను. కదురు దారములకు కావలసిన పదార్థమును చేయునది ఆ జన్యువే. అది అండములోను తొలి దినముల పిండములోను మాత్రమే పనిచేయును. ఆ కుటుంబములలో కొన్నింట ఆ మార్పు స్త్రీకి తన తండ్రినుండి వచ్చెను! పురుషునిలో ఆ జన్యువునకు పని లేదు గనుక అతనికి కీడేమియు కలుగదు. అతడు బిడ్డలను కని, ఎరుగకయే దానిని కుమార్తెకు అప్పగించును.

గొడ్రాలని పేరుపెట్టి మన పల్లెలలో సీమంతమునకు పిలువని స్త్రీలను తలంచుకొనుడి. వారిలో కొందరి లోపము, ఇంటినిండ బిడ్డలున్న గౌరవనీయుని రక్తములో నడచి వచ్చినదై యుండవచ్చును. అతనిని నిందింపుడని నేను చెప్పుట లేదు. అతడు మాత్రమేమి చేసెను?

ఇట్టి పరీక్షలు చేయించుకొనుట అవిశ్వాసమా అని కొందరడుగుదురు. రైతు విత్తనములను తడిగుడ్డలో కట్టి మొలక చూచుకొనును. దానిని మనము అవిశ్వాసమనము. అయితే ఏ పరీక్ష ఎంతవరకు చెప్పగలదో తెలిసికొనకుండ పొలములు అమ్మవద్దని బ్రతిమాలుచున్నాను. అండమును చుట్టుకొని యుండు చిన్న కణములలో ఏ జన్యువులు చురుకుగా ఉన్నవో చూచి లోపలి అండము ఎట్టిదో అంచనా వేయు పద్ధతులను ఇరువది ఏండ్లకు పైగా పరిశోధించుచున్నారు. పనసతొనను చూచి గింజను అంచనా వేయుట వంటిది. అందరును ఒప్పుకొనిన నిశ్చయమైన గురుతు ఇంకను దొరకలేదు. మరియొక పద్ధతిలో అండము విసర్జించిన చిన్న ముద్దను తీసి, అందులోని క్రోమోసోములనుబట్టి అండములో మిగిలినవి ఎన్నో గ్రహింతురు. పిండమును తాకుటకు మనస్సాక్షి ఒప్పనివారికి ఈ మార్గము ఊరటగా తోచును, నాకును తోచెను. కాని ఐరోపా దేశములలోను ఇశ్రాయేలులోను 36 మొదలు 40 ఏండ్ల వయస్సుగల 396 మంది స్త్రీలతో జరిపిన పరీక్షయొక్క ఫలితము 2018లో వెలువడెను. ఈ పద్ధతి వాడిన వారిలోను వాడని వారిలోను బిడ్డను కన్నవారు నూటికి 24 మందే. గర్భస్రావములు మాత్రము వాడిన వారిలో తక్కువ. అదియు చిన్న మేలు కాదు, పోగొట్టుకొనిన తల్లి నడుగుడి. అయినను పరీక్ష గింజలను ఏరునే గాని తాలును గట్టిగింజగా చేయలేదు.

మన సహోదరికి వైద్యులు చెప్పినది రక్తములోని జన్యువును చూచు పరీక్ష. అందులో మార్పు తేలినయెడల అదే చికిత్సను మూడవసారి చేయుటవలన లాభము బహు తక్కువ. మిగిలిన ఎకరమైనను నిలుచును. ఈ మాట ఆమెతో చెప్పుట నాకు సులభము కాలేదు. ఆశను కోసివేయు కత్తి వంటి మాట అది. కాని తెలియక అమ్ముకొనుటకంటె తెలిసి ఏడ్చుట మేలని నాకు తోచెను.

హన్నా గర్భము మూయబడెనని లేఖనములో ఉన్నదిగదా అని మా సంఘములో ఒకరు నాతో వాదించిరి. ఉన్నది. కాని ఆ వృత్తాంతమంతట ఆమెమీద ఒక్క పాపమైనను మోపబడలేదు. ఆమెను విసికించినది సవతి. ఆమె దుఃఖమును చూచి త్రాగియున్నదని తలంచినవాడు యాజకుడైన ఏలీ. ఆమె భర్తయో, బిడ్డ లేనప్పుడే ఆమెను ప్రేమించి, పండుగనాడు ఆమె వంతు ఆమెకిచ్చుచుండెను. ఐదేండ్ల క్రిందట నేను కూర్చున్నది ఏలీ కుర్చీలోనే.

వారము తరువాత ముగ్గురును మరల వచ్చిరి. మొదట ఆమెను క్షమాపణ అడిగితిని. ఆమె ఏమియు అనక కొంగుతో కన్నులు తుడుచుకొనెను. పిమ్మట నాకు తెలిసినదంతయు, ఆమెలో ఉన్నది ఈ మార్పే యని ఇంకను ఎవరును నిశ్చయింపలేదని కూడ వివరించితిని. తండ్రినుండి వచ్చు మాట చెప్పునప్పుడు నా గొంతు తడబడెను, అతడెదుటనే కూర్చుండెను గనుక. కుమార్తెది తలవ్రాత అని అందరితో చెప్పుచు వచ్చినవాడు అతడే. చాలసేపు మోకాళ్లమీద చేతులు పెట్టుకొని నేలను చూచుచుండెను.

తుదకు, "అయ్యగారూ, రక్తము ఇచ్చుటకు పరగడుపున పోవలెనా?" అని అడిగెను.

మరునాడు మొదటి బస్సుకు ముగ్గురును వెళ్లిరి. ఫైలు తండ్రి చేతిలో ఉండెను.