ఎవరు చేసిన పాపం?

తల్లికో తండ్రికో హెచ్ఐవీ ఉన్న ఇంట్లో పెరిగే పిల్లలందరికీ ఆ వైరస్ ఉండదు. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. మందులు సరిగా వాడితే 5 శాతం లోపుకు తగ్గుతుంది. ఒంటికి సోకకపోయినా ఆ జబ్బు పిల్లల మనసును వదలదు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పరిశోధకురాలు లూసీ క్లూవర్ బృందం వెయ్యిమందికి పైగా పిల్లలను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించింది. ఎయిడ్స్‌తో తల్లిదండ్రులను కోల్పోయినవారిలో కుంగుబాటు, తోటివారితో ఇబ్బందులు ఇతర కారణాలతో అనాథలైన పిల్లల్లో కంటే ఎక్కువగా కనిపించాయి. దీనికి ఒక ముఖ్య కారణం చుట్టుపక్కలవారి వెలివేత.

తెలుగునాట ఆ వెలివేత తరచుగా పాపపుణ్యాల భాషలో వస్తుంది. ఇక్కడ ఈ సమస్య చిన్నదేమీ కాదు: 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్ఐవీ దేశ సగటు 0.21 శాతం కాగా, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. "పూర్వజన్మ పాపం", "చేసుకున్నవారికి చేసుకున్నంత" వంటి మాటలు పరామర్శకు వచ్చినవారి నోటే వినిపిస్తాయి. పిల్లలకు అవి లోతుగా తగులుతాయి. చెడ్డపని చేస్తే శిక్ష దానంతటదే వచ్చి పడుతుందని చిన్నపిల్లలు నమ్ముతారని మనస్తత్వవేత్త జాన్ పియాజే 1932లోనే రాశాడు. తాను మాట విననందుకే అమ్మకు జబ్బు చేసిందని లోలోపల అనుకునే బిడ్డకు పెద్దల నోటి "పాపం" రుజువులా తోస్తుంది.

మతాలు నిజంగా అలా చెబుతున్నాయా? ఒకరి పాపభారం మరొకరు మోయరని ఖురాన్ అంటుంది. తండ్రి దోషానికి కొడుకు శిక్ష అనుభవించడని బైబిల్లో యెహెజ్కేలు గ్రంథం చెబుతుంది. బిడ్డ పక్షాన ఇవి గట్టి మాటలే. కానీ ఇక్కడితో ఆగితే ప్రమాదం ఉంది. "పసివాడు ఏ పాపం ఎరగడు" అని జాలిపడితే, పాపం చేసింది తల్లేనన్న అర్థం మిగిలిపోతుంది. ఆమెకు భర్త ద్వారా సోకి ఉండవచ్చు. ఎలా సోకినా సరే, తల్లిని దోషిగా నిలబెట్టి బిడ్డను ఓదార్చడం కుదరదు. అమ్మ మీద ప్రేమకూ, అమ్మ గురించి సిగ్గుకూ మధ్య ఆ పసిమనసు నలిగిపోతుంది.

అందుకే పాపం ఎవరిదన్న ప్రశ్ననే తోసిపుచ్చిన బోధలకు ఇక్కడ విలువ ఎక్కువ. యోహాను సువార్త 9వ అధ్యాయంలో, పుట్టుకతో చూపులేని మనిషిని చూసి, పాపం చేసింది ఇతడా, కన్నవారా అని శిష్యులు అడుగుతారు. ఎవరూ కాదంటాడు యేసు. బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలోని సీవక సుత్తంలో బుద్ధుడు బాధలకు పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు వంటి కారణాలు చెప్పి, కర్మనూ వాటిలో ఒకటిగానే లెక్కించాడు. అన్నిటికీ పూర్వకర్మే మూలమనడం తప్పన్నాడు.

కర్మను నమ్మేవారికి ఇది మింగుడుపడకపోవచ్చు. అయితే బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులు కర్మను చెప్పింది, లోకంలోని హెచ్చుతగ్గులకు ఈశ్వరుడి పక్షపాతం కారణం కాదని చూపడానికి. రోగి మీద నింద మోపడానికి కాదు. కర్మ గతి అంతుబట్టనిదని గీత నాలుగో అధ్యాయమే హెచ్చరిస్తుంది. అలాంటప్పుడు పక్కింటివారి గతజన్మ గురించి తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదు. కర్మ సిద్ధాంతం ఎవరి నడతను వారు దిద్దుకోవడానికి పనికొస్తుంది, ఎదుటివారి కష్టాన్ని తూచడానికి పనికిరాదు.

ఇక జబ్బు సంగతి పిల్లల దగ్గర దాచడం గురించి. బిడ్డ బాధపడుతుందని నిజం చెప్పకపోవడం దయే అనిపిస్తుంది. కానీ పెద్దలు గుసగుసలాడే ఇంట్లో బిడ్డ ఊహలు నిజం కన్నా భయంకరంగా పెరుగుతాయి. బడి వయసు పిల్లలకు వారి స్థితినీ, కన్నవారి స్థితినీ తెలియజేయాలని, అంతకన్నా చిన్నవారికి వయసుకు తగ్గట్టు అంచెలంచెలుగా చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది. అమ్మ ఒంట్లో ఒక క్రిమి ఉందని, రోజూ మాత్ర వేసుకుంటే అదుపులో ఉంటుందని, అది ఎవరి తప్పువల్లా రాలేదని చెబితే మొదటి మెట్టుకు చాలు. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్ఐవీ చికిత్స) కేంద్రాల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు కాబట్టి, ఆ మాటలో ధైర్యం కూడా ఉంటుంది.

ఈ మాట చెప్పే బరువంతా ఇంటివారే మోయాలనడం న్యాయం కాదు. ఉగాండాలో ఆంగ్లికన్ మతాధికారి గిడియన్ బ్యాముగిషా తనకు హెచ్ఐవీ ఉందని 1992లో బహిరంగంగా చెప్పి, చర్చిలోనే వెలివేతను ఎదుర్కొన్నాడు. మన ప్రవచనకర్తలు, పాస్టర్లు, మౌల్వీలు కూడా హెచ్ఐవీ పాపఫలం కాదని, జబ్బు పేరు పెట్టి మరీ, పిల్లలు వినేలా చెప్పాలి.