నిశ్చలత్వ నటనము

1982వ సంవత్సరమున అమెరికాలో ఏ.బీ.సీ. టెలివిజనువారు ‘పోలీస్ స్క్వాడ్!’ అను హాస్యధారావాహికను, దృష్టి మరల్పక చూచిన గాని యిది రుచింపదను విచిత్రమైన నేరము మోపి, ఆరు భాగములతోనే ముగించిరి. (చూడవలసినదానిని చూడవలసి వచ్చుటయు దోషమే కాబోలు!)

గంభీరములగు పోలీసు కథలను వెక్కిరించు నిందు లెస్లీ నీల్సన్, డిటెక్టివు ఫ్రాంక్ డ్రెబిన్ పాత్రను చిరునవ్వైనను చిందింపక పోషించెను. బూట్లు తుడుచు జానీ చేతిలో నోటు పెట్టినచో, నేరస్థుని జాడయే కాదు, మరణానంతర జీవనమును గూర్చి యడుగవచ్చిన క్రైస్తవ మతాచార్యునకు పరతత్త్వమును గూడ వచించును. నచికేతుడు యముని ముంగిట మూడు రాత్రులు పస్తుండి యడిగిన ప్రశ్నకు ఇచ్చట వెల కొన్ని డాలర్లు.

ఐనను నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ముగింపు ఘట్టము. అసలు పోలీసు కథలు తుదిని నవ్వుమొగములపై చిత్రమును స్తంభింపజేసెడివి. ఇందు చిత్రము ఆగదు, నటులే కొయ్యబొమ్మలవలె బిగుసుకొని నిలుతురు. ఒక భాగమున కప్పులోనికి పోయుచున్న కాఫీ మాత్రము నిండి, పొర్లి, కారిపోవుచునే యుండును. కర్మేంద్రియములను బిగబట్టి మనస్సున విషయములను నెమరువేయువానిని భగవద్గీత మిథ్యాచారుడన్నది. వీరును అట్టివారేనా? అనజాలను. మిథ్యాచారుడు తన నిశ్చలతను నిజమని నమ్మింపజూచును. వీరో, అది బూటకమని మనకు తెలియునట్లే, ఊపిరి బిగబట్టి, పొర్లుచున్న కప్పు నెదుట నుంచుకొని నిలిచిరి. కాలము నాపగలమని నమ్మబలికినవి ఆ గంభీర నాటకములే గదా!